పాత టీవీ మార్చాలా? ముందు మెనూ నొక్కండి

దసరా ఆఫర్ల ప్రకటన పేపర్లో మొదటి పేజీ నిండా పడ్డ రోజున టీవీ గురించి నిర్ణయం తీసుకోకూడదు. ఆ రోజు ఇంట్లో ఉన్న టీవీ ఎంత మంచిదైనా ఈసురోమంటూనే కనపడుతుంది. ఏ హడావిడీ లేని మామూలు సాయంత్రం, సీరియళ్ల వేళ, ఇంటిల్లిపాదీ హాల్లో ఉన్నప్పుడు కాగితం, పెన్ను పట్టుకుని కూర్చోండి. ఈ టీవీతో ఎవరికి ఏం ఇబ్బందిగా ఉందో ఒక్కొక్కరినీ అడిగి వాళ్ల మాటల్లోనే రాయండి. ‘పాతదైపోయింది’ అంటే ఒప్పుకోవద్దు. పాతదైతే ఏమైంది? బొమ్మ మసగ్గా ఉందా, మాట వినపడటం లేదా, యాప్‌లు రావడం లేదా, దూరం నుంచి అక్షరాలు కనపడటం లేదా, చూస్తూ చూస్తూ ఉండగా ఆగిపోతోందా? ఒక్కో ఫిర్యాదుకు కారణం వేరు, ఖర్చూ వేరు. కొన్నిటికి మూడు వందల రూపాయల తీగ చాలు. కొన్నిటికి కొత్త టీవీ తప్ప దారి లేదు. కొత్త టీవీ కొన్నా తీరని ఫిర్యాదులు కూడా కొన్ని ఉంటాయి. డబ్బు దండగయ్యేది అక్కడే.

చాలామంది షాపు దగ్గర మొదలుపెట్టి ఇంటివైపు వస్తారు. ఎదురు దిక్కున నడవాలి. ముందు టీవీలోకి వచ్చే సిగ్నల్, తర్వాత తీగ, ఆ తర్వాత తెర, ఆపైన గది, అన్నిటికీ చివర షాపు. ఈ వరసలో వెళ్తే షాపు దాకా పోవాల్సిన పని చాలాసార్లు పడదు. పడినా, ఏం అడగాలో తెలిసే వెళ్తాం.

తెనాలిలో మా పెద్దమ్మ వాళ్లింట్లో ఈమధ్య ఈ వరసలోనే వెళ్లాం. వాళ్లది 2014లో కొన్న 32 అంగుళాల ఎల్‌ఈడీ టీవీ. హైదరాబాద్‌లో ఉండే అన్నయ్య 55 అంగుళాలది పంపిస్తానంటున్నాడు. “ఉన్నదానికేం మాయరోగం రా, శుభ్రంగా పనిచేస్తోందిగా” అంటుంది పెద్దమ్మ. మళ్లీ తనే “మొహాలన్నీ అడ్డంగా సాగినట్టు, బూజు పట్టినట్టు కనపడతాయి. మాటలు సరిగా వినపడవు. పాటొస్తే మాత్రం చెవులు చిల్లులు పడతాయి” అంది. సెలవులకు వచ్చిన మనవడి ఫిర్యాదు ఒక్కటే: యూట్యూబ్ తెరుచుకోవడం లేదు. కాగితం మీద మూడు ఫిర్యాదులు తేలాయి: బొమ్మ, మాట, యాప్. తర్వాత నాలుగోది కూడా బయటపడింది.

మెనూ సాక్ష్యం

బొమ్మ దగ్గర మొదలుపెట్టండి. టీవీ రిమోట్‌లో మెనూ బటన్ నొక్కండి. సెట్‌టాప్ బాక్సు మెనూ కాదు, టీవీ సొంత మెనూ. పిక్చర్, సౌండ్ అంటూ వస్తుందే, అది. ఆ అక్షరాలు బయటినుంచి వచ్చినవి కావు, టీవీ తనంతట తాను తెరమీద రాసినవి. అవి కొట్టొచ్చినట్టు, అంచులు తేరి కనపడుతున్నాయంటే తెర బాగానే ఉన్నట్టు. మెనూ స్పష్టంగా ఉండి వెనకాల సీరియల్ మాత్రం మసగ్గా ఉంటే తప్పు బాక్సుదో, తీగదో, చానల్‌దో. అలాంటప్పుడు లక్ష రూపాయల టీవీ తెచ్చి అదే తీగ తగిలించినా అదే మసక, కాస్త పెద్దగా కనపడుతుంది. మెనూ అక్షరాలు కూడా పాలిపోయి, అడ్డంగా నిలువుగా గీతలు పడి, ఒక పక్క చీకటిగా ఉంటే అప్పుడు తెరను అనుమానించాలి.

పెద్దమ్మ వాళ్ల టీవీలో మెనూ అద్దంలా ఉంది. సరే అని టీవీని మెల్లగా ముందుకు లాగి వెనక్కి చూశాం. దుమ్ము, రెండు బల్లిగుడ్ల పెంకులు, వాటి మధ్యలోంచి పసుపు, తెలుపు, ఎరుపు మూతుల తీగ ఒకటి బాక్సులోంచి వచ్చి టీవీకి దిగి ఉంది. పక్కనే రెండు హెచ్‌డీఎంఐ రంధ్రాలు ఖాళీ. బాక్సు బోర్లించి చూస్తే కింద చీటీ మీద హెచ్‌డీ అని స్పష్టంగా అచ్చయి ఉంది. నెలనెలా హెచ్‌డీ చానళ్లకు డబ్బు కడుతున్నారు. బాక్సు పెట్టడానికి వచ్చిన కేబుల్ అబ్బాయి చేతిలో ఏ తీగ ఉంటే అది పెట్టి వెళ్లిపోయాడు, ఇన్నేళ్లూ ఎవరూ దాని జోలికి పోలేదు.

ఆ పసుపు మూతి తీగ వెలుగునూ రంగునూ కలగలిపి ఒకే దారిలో పంపుతుంది. టీవీ వాటిని మళ్లీ విడదీసుకోవాలి, ఆ విడదీతలోనే అంచులు చెరిగిపోతాయి. పైగా మన దేశపు పద్ధతిలో దాని మీదుగా వచ్చేది నిలువున 576 గీతల బొమ్మే. హెచ్‌డీ చానల్ బాక్సు దాకా వచ్చి, ఆ తీగ దగ్గర మామూలు చానల్ అయిపోతోందన్నమాట. హెచ్‌డీఎంఐ తీగ తగిలించి, టీవీలో సోర్స్ మార్చి, బాక్సు సెట్టింగులలో రిజల్యూషన్ 1080కీ, స్క్రీన్ ఆకారం 16:9కీ మార్చండి. మొహాలు సాగడం కూడా ఈ ఆకారం గొడవే. 4:3 కొలతలో వచ్చే బొమ్మను వెడల్పు తెర నిండా లాగితే సన్నటి హీరోయిన్ కూడా బొద్దుగా మారిపోతుంది. ఇంకో పని: పిక్చర్ మోడ్‌లో వివిడ్ అనో డైనమిక్ అనో ఉంటే తీసేసి స్టాండర్డ్ అనో సినిమా అనో పెట్టండి. వివిడ్ అనేది షాపులో ట్యూబులైట్ల కింద పక్క టీవీని ఓడించడానికి పెట్టిన మోడ్.

మీ బాక్సు వెనక హెచ్‌డీఎంఐ రంధ్రమే లేకపోతే అది పాత ఎస్‌డీ బాక్సు. హైదరాబాద్, విశాఖపట్నంలో కేబుల్ డిజిటల్ అయింది 2013లో. ఆనాటి బాక్సులు ఇప్పటికీ నడుస్తున్న ఇళ్లున్నాయి. అలాంటి ఇంట్లో మార్చాల్సింది బాక్సు. కేబుల్ ఆపరేటర్‌ను అడిగి హెచ్‌డీ బాక్సు పెట్టించుకుని, ఇంట్లో నిజంగా చూసే రెండు మూడు చానళ్లకే హెచ్‌డీ తీసుకుంటే సరిపోతుంది. జెమిని, ఈటీవీ, స్టార్ మా, జీ తెలుగు, అన్నిటికీ హెచ్‌డీ ఉంది.

ఎస్‌డీ చానళ్లే చూస్తూ పెద్ద 4కె టీవీ కొనాలనుకునేవాళ్లు ఈ లెక్క ఒక్కసారి చూడాలి. ఎస్‌డీ బొమ్మలో అడ్డంగా 720, నిలువుగా 576, మొత్తం సుమారు 4 లక్షల 15 వేల చుక్కలుంటాయి. 4కె తెరమీద 83 లక్షల చుక్కలుంటాయి. అంటే ప్రతి 20 చుక్కల్లో 19 టీవీ ఊహించి వేసుకోవాల్సినవే. మంచి టీవీలు ఆ ఊహ కాస్త నయంగా చేస్తాయి, చవక టీవీలు పూసేస్తాయి. ‘ఇంత డబ్బు పోసి కొంటే పాతదాని కంటే ఘోరంగా ఉందేంటి’ అని కొత్త టీవీ ముందు కూర్చుని తిట్టుకునేవాళ్లలో ఎక్కువమంది కథ ఇదే.

తెరను అనుమానించాల్సి వస్తే

టీవీ ఆన్ చేస్తే మాటలు వస్తున్నాయి, తెర మాత్రం నల్లగా ఉంది. చాలామంది అక్కడితో టీవీ చచ్చిపోయిందనుకుంటారు. గదిలో లైట్లు ఆర్పి, సెల్‌ఫోన్ టార్చి తెరకు దగ్గరగా, కాస్త ఏటవాలుగా పట్టుకుని చూడండి. లోపల బొమ్మ మసగ్గా కదులుతూ కనపడిందా? అయితే తెర బతికే ఉంది, దాని వెనక వెలిగే దీపాలు పోయాయి. ఎల్‌ఈడీ టీవీ అంటే నిజానికి ఎల్‌సీడీ తెర వెనక ఎల్‌ఈడీ దీపాల పట్టీలు పెట్టినదే. ఆ దీపాలు ఒకదాని వెనక ఒకటి వరసగా కలిపి ఉంటాయి, ఒక్కటి మాడినా ఆ వరసంతా ఆరిపోతుంది. చాలా టీవీలు అప్పుడు మొత్తం వెలుగునే కట్టేసుకుంటాయి. తెరమీద అక్కడక్కడ తెల్లగా గుండ్రటి మచ్చలు కనపడటం, బొమ్మంతా నీలం ఊదా ఛాయలోకి తిరగడం కూడా ఈ పట్టీల జబ్బులే. మచ్చలు దీపం మీది చిన్న కటకం ఊడిపడితే వస్తాయి. నీలి ఛాయ దీపం మీది పూత కాలిపోతే వస్తుంది.

32 అంగుళాల టీవీకి పట్టీలు మార్చడానికి ఊరి మెకానిక్ దగ్గర కూలితో కలిపి వెయ్యి నుంచి రెండున్నర వేల దాకా అవుతుంది. మాడిన ఒక్క దీపమే మారుస్తానంటే వద్దనండి. దాని పక్కవాటి వయసూ అంతే, నాలుగు నెలల్లో అవీ అదే బాట పడతాయి. మొత్తం పట్టీలు వేయించుకుని, మెనూలో బ్యాక్‌లైట్ వంద మీద ఉంటే అరవైకో డెబ్బైకో దించండి. దీపాల ఆయుష్షు పెరుగుతుంది. ఈ రిపేరులో ఒక ప్రమాదం మాత్రం ఉంది. పట్టీలు మార్చాలంటే పలచటి గాజు తెరను ఊడదీసి పక్కన పెట్టాలి. తెర ఎంత పెద్దదైతే అది చిట్లే భయం అంత ఎక్కువ. 55 అంగుళాల టీవీకి ఈ పని ఎవరితో పడితే వాళ్లతో చేయించకూడదు. ‘తెర పగిలితే ఎవరిది బాధ్యత’ అని ముందే నోరు తెరిచి అడగాలి.

అసలు పవరే రాకపోతే, ఎర్ర లైటు మిణుకుమిణుకుమంటూ ఆన్ కాకపోతే, చాలావరకు పవర్ బోర్డులో కెపాసిటర్లు ఉబ్బి ఉంటాయి. వందల్లో పోయే పని. పిడుగు పడ్డాక ఆగిపోయిందంటే మాత్రం కేబుల్ తీగలోంచి వచ్చిన దెబ్బ మెయిన్ బోర్డును కొట్టి ఉండొచ్చు. మెకానిక్ ‘యూనివర్సల్ బోర్డు వేసేస్తాను సార్’ అంటాడు. వేయించుకోవచ్చు, టీవీ బతుకుతుంది. కానీ స్మార్ట్ టీవీ అయితే ఆ బోర్డుతో పాత యాప్‌లూ పాత రిమోటూ పనిచేస్తాయో లేదో అడిగి మరీ ఒప్పుకోండి.

నిలువు గీతల సంగతి వేరు. సన్నటి గీత ఒకటి పైనుంచి కిందికి ఎప్పుడూ ఒకే చోట నిలబడి, మెనూ మీద కూడా కనపడుతోందంటే అది తెర అంచున అంటించి ఉండే సన్నటి పట్టీ ఊడటమో, తెర లోపలి లోపమో. కొత్త తెర వేయించాలంటే దాదాపు కొత్త టీవీ ఖరీదే అవుతుంది. అక్కడ రిపేరు మాట మర్చిపోండి. ఒక్క గీతే ఉంటే, చూడటానికి అడ్డం లేకపోతే, ఉన్నన్నాళ్లు చూసుకుని కొత్తదానికి డబ్బు కూడబెట్టుకోవడమే. ఇది టీవీ మార్చడానికి మొదటి నికార్సైన కారణం.

యాప్ రాకపోతే టీవీ ఎందుకు మారాలి?

స్మార్ట్ టీవీలో తెర పదేళ్లు బతుకుతుంది, దానిలోని కంప్యూటర్‌కు నాలుగైదేళ్లకే వయసు మీరిపోతుంది. ఈ రెంటినీ కలిపి ఒకే డబ్బాలో అమ్మడం కంపెనీలకు లాభం, మనకు తలనొప్పి. 2015 ఏప్రిల్‌లో యూట్యూబ్ తన పాత ఏర్పాటును మూసేసింది. 2012, అంతకుముందు నాటి చాలా టీవీల్లో ఆ యాప్ ఆగిపోయింది. 2019 డిసెంబరు నుంచి కొన్ని పాత శాంసంగ్ టీవీల్లో నెట్‌ఫ్లిక్స్ రావడం మానేసింది. ఆ టీవీల తెరలకు మాత్రం ఏమీ కాలేదు.

టీవీకి ఒక్క హెచ్‌డీఎంఐ రంధ్రం ఉన్నా స్ట్రీమింగ్ స్టిక్ తగిలించండి. రెండున్నర వేల నుంచి ఐదు వేల లోపు దొరుకుతుంది, పాత టీవీ ఈనాటి స్మార్ట్ టీవీ అయిపోతుంది. దీనికి కరెంటు టీవీ వెనక యూఎస్‌బీ నుంచి ఇవ్వకండి. పాత టీవీ యూఎస్‌బీ అర ఆంపియరే ఇస్తుంది, అది చాలక స్టిక్ మాటిమాటికీ ఆగి మళ్లీ మొదలవుతుంది, మనం ఇంటర్నెట్‌ను తిడతాం. దానితో వచ్చిన అడాప్టర్‌నే గోడకు పెట్టండి. పేరూ ఊరూ లేని చవక ఆండ్రాయిడ్ బాక్సుల జోలికి మాత్రం వెళ్లొద్దు. డబ్బా మీద 4కె, 8కె అని పెద్దక్షరాలతో ఉంటుంది. నెట్‌ఫ్లిక్స్ లాంటివి అడిగే భద్రతా అనుమతి అందులో ఉండదు కాబట్టి సినిమా 480 గీతల నాసిరకం బొమ్మగా వస్తుంది, లేదా అసలు రాదు.

హెచ్‌డీఎంఐ లేని డబ్బా టీవీకి కన్వర్టర్ పెట్టి స్టిక్ తగిలించుకోవచ్చని కొందరంటారు. తగిలించుకోవచ్చు, బొమ్మా వస్తుంది. సినిమా పేర్లు చదవడానికి మాత్రం టీవీకి ముక్కు ఆనించాలి. ఆ ఖర్చు పెట్టొద్దు. డబ్బా టీవీని మార్చాలా వద్దా అన్న చర్చే అక్కర్లేదు, కేబుల్ చానళ్లు తప్ప మరేదైనా చూడాలనుంటే మార్చేయడమే.

మాట వినపడకపోవడం

దీన్ని త్వరగా తేల్చేద్దాం, ఎందుకంటే దీనికి కొత్త టీవీ మందు కాదు. టీవీ పలచబడ్డకొద్దీ స్పీకర్లు చిన్నవై, నేలవైపో గోడవైపో తిరిగిపోయాయి. కొత్త టీవీ ఇంకా పలచన. ముందు సౌండ్ మెనూలో క్లియర్ వాయిస్ అనో, స్పీచ్ అనో ఉందేమో చూడండి. చాలకపోతే చిన్న సౌండ్‌బార్ ఒకటి పెట్టండి. పాత టీవీకి ఏఆర్‌సీ అని రాసిన హెచ్‌డీఎంఐ లేకపోయినా ఆప్టికల్ రంధ్రమో, హెడ్‌ఫోన్ రంధ్రమో ఉంటుంది, దేనికైనా కలుస్తుంది. అటక మీద పాత హోమ్ థియేటర్ మూలుగుతుంటే దాన్నే దించండి. పెద్దమ్మకు రెండు వేలకు పైచిలుకు పెట్టి తెచ్చిన సౌండ్‌బార్‌తో మాట గొడవ తీరింది. పాటొచ్చినప్పుడు చెవులు మూసుకోవడం మాత్రం తగ్గలేదు, అది ఆ సినిమాల తప్పు.

టేపు తెచ్చి గది కొలవండి

బొమ్మ, యాప్, మాట సర్దుకున్నాక పెద్దమ్మ అసలు మాట అంది: “అంతా బానే ఉంది గానీ, కింద పరిగెత్తే అక్షరాలు నాకు ఆనవురా.” వార్తా చానళ్ల స్క్రోలింగ్ సంగతి. తీగలూ స్టిక్కులూ దీనికి పనికిరావు. తెర సైజు చిన్నదో, కూర్చునే చోటు దూరమో, రెంట్లో ఏదో ఒకటి. టేపు తెచ్చి కొలిస్తే దివాన్ నుంచి టీవీకి తొమ్మిది అడుగులు.

మామూలు చూపున్న మనిషి కంటికి ఒక హద్దు ఉంది, దాన్ని దాటి చుక్కకూ చుక్కకూ తేడా పట్టలేదు. ఆ లెక్కన 32 అంగుళాల పాత హెచ్‌డీ టీవీలో ఆరడుగుల అవతల కూర్చుంటే చుక్కలు విడిగా కనపడవు. 43 అంగుళాల ఫుల్ హెచ్‌డీ టీవీకి ఆ దూరం ఐదున్నర అడుగులు, 55 అంగుళాల 4కె టీవీకి మూడున్నర. దీనర్థం ఏమిటంటే, తొమ్మిది అడుగుల దూరంలో కూర్చునేవాళ్లకు 43 అంగుళాల్లో ఫుల్ హెచ్‌డీకీ 4కెకీ పదును తేడా కంటికి ఆనదు. ఇప్పుడు ఆ సైజులో దొరికేవి చాలావరకు 4కెనే కాబట్టి అదే కొంటాం, తప్పులేదు. 4కె కోసమే టీవీ మార్చడం మాత్రం ఆ గదిలో అర్థం లేని పని. ఆ దూరంలో తేడా తెచ్చేది సైజు ఒక్కటే. ఇక కంటిచూపు తగ్గిన పెద్దవాళ్లున్న ఇంట్లో 4కె ఊసే ఎత్తొద్దు, అంగుళాలు ఎత్తండి.

సైజుకు తేలిక లెక్క ఒకటుంది. కూర్చునే దూరాన్ని అంగుళాల్లోకి మార్చి రెండుతో భాగించండి. తొమ్మిది అడుగులంటే 108 అంగుళాలు, సగం 54. ఆ గదికి 50, 55 అంగుళాల టీవీ నిజంగానే నప్పుతుంది, అన్నయ్య చెప్పింది తప్పేం కాదు. సినిమా హాలు అనుభూతి కావాలనుకునేవాళ్లు ఇంకా పెద్దదానికి వెళ్తారు. వార్తలు, సీరియళ్లు చూసే ఇంటికి అంత అక్కర్లేదు.

కానీ టేపు ఇంకోచోట కూడా పెట్టాలి. తొంభైలలో కట్టిన మన ఇళ్లలో హాల్లో గోడకు సిమెంటు షోకేసు ఉంటుంది. కింద అరలు, పైన గాజు తలుపుల వెనక కొండపల్లి బొమ్మలు, పెళ్లి ఫొటోలు, మధ్యలో టీవీకి గూడు. ఆ గూడు 21 అంగుళాల డబ్బా టీవీని దృష్టిలో పెట్టుకుని మేస్త్రి కట్టింది. లోతు రెండడుగులు, వెడల్పు మహా ఉంటే మూడడుగులు. పెద్దమ్మ వాళ్లది సరిగ్గా 36 అంగుళాలు. 43 అంగుళాల టీవీ తెర వెడల్పే 37న్నర, దానికి అంచులు అదనం. 50 అంగుళాలది 43న్నర, 55 అంగుళాలది 48. ఏదీ పట్టదు. పెద్ద టీవీ కావాలంటే ఎదుటి గోడకు బిగించాలి, అంటే అక్కడికి ప్లగ్గు, కేబుల్, వైఫై లాక్కోవాలి, దివాన్ తిప్పాలి, ఆ గోడకున్న తాతగారి ఫొటో తీయాలి. ఆఖరి మాట వినగానే పెద్దమ్మ “ఆ పప్పులేం ఉడకవ్” అనేసింది. గూడును పగలగొట్టించడం ఇంకో దారి; టీవీ ఖర్చుకు మేస్త్రి, సున్నం తోడవుతాయి.

మూడో దారి పైసా ఖర్చు లేనిది. సైజూ దూరమూ ఒకే లెక్కలో రెండు చివరలు. 32 అంగుళాల టీవీని తొమ్మిది అడుగుల నుంచి కాకుండా ఆరడుగుల నుంచి చూస్తే, కంటికి అది తొమ్మిది అడుగుల దూరంలోని 48 అంగుళాల టీవీ అంత కనపడుతుంది. పెద్దమ్మ వార్తలు చూసేది ఒక్కతే. చేతుల కుర్చీ ఒకటి మూడడుగులు ముందుకు జరిపి వేశాం. స్క్రోలింగ్ చదివి, “ఇందులో కూడా తప్పులే రాస్తార్రా” అంది. ఆరడుగులంటే పైన చెప్పిన చుక్కల హద్దు కూడా అదే కాబట్టి బొమ్మ పదునుకూ లోటు లేదు. అయితే పండక్కి పదిమంది చేరి క్రికెట్ చూడాలంటే ఈ ఉపాయం పారదు. పదిమందీ కుర్చీలు ముందుకు జరపలేరు. మీ ఇంట్లో టీవీ రోజూ నలుగురైదుగురు కలిసి చూసేదైతే, గది నిజంగా పెద్ద తెర అడుగుతుంటే, పెట్టడానికి గోడ ఉంటే, అది టీవీ మార్చడానికి రెండో నికార్సైన కారణం.

కరెంటు బిల్లు

కొత్త టీవీ కరెంటు ఆదా చేస్తుందని షాపులో చెబుతారు. అదే సైజైతే నిజమే. సైజు పెంచితే తారుమారు. 32 అంగుళాలది 50 వాట్లు, 55 అంగుళాలది 120 వాట్లు అనుకుని రోజుకు ఐదు గంటలు చూస్తే నెలకు తేడా సుమారు పది యూనిట్లు. డబ్బుగా చూస్తే పెద్దదేం కాదు. తెలంగాణలో గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు సున్నా బిల్లు వస్తూ 195 దగ్గర ఊగుతున్నవాళ్లు మాత్రం ఈ పది యూనిట్లనూ లెక్కలో వేసుకోవాలి, గీత దాటితే బిల్లు మొత్తం కట్టాలి.

ఇక షాపుకు

ఇంతదూరం వచ్చాక కూడా కొనాలనే తేలితే, అనుమానం లేకుండా కొనండి. 32 అంగుళాలకు మించిన టీవీల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18కి తగ్గింది. చిన్న టీవీకీ పెద్ద టీవీకీ ఇప్పుడు ఒకటే పన్ను.

షాపులో తిరిగే కొండలూ చిలకలూ జలపాతాల వీడియోకు ఏ టీవీ మీదైనా అందంగా ఉండటమే పని. “ఎస్‌డీ చానల్ ఒకటి పెట్టండి” అని అడగండి. సేల్స్ కుర్రాడు కాస్త ఇబ్బంది పడతాడు, ఫర్వాలేదు. తర్వాత పక్కకు జరిగి నిలబడి చూడండి. మన హాళ్లలో సోఫా ఎదురుగా, దివాన్ పక్క గోడకు ఉంటాయి. వీఏ రకం తెర ఎదురుగా చూస్తే నలుపు నల్లగా చక్కగా ఉంటుంది, పక్కనుంచి చూస్తే రంగు వెలిసిపోతుంది. ఐపీఎస్ రకం పక్కనుంచి కూడా నిలబడుతుంది, చీకటి దృశ్యాల్లో నలుపు కాస్త బూడిదగా ఉంటుంది. ఏది ఏ రకమో చీటీ మీద రాయరు, మీ కాళ్లతో జరిగి చూసి తెలుసుకోవాల్సిందే.

క్యూఎల్‌ఈడీ అంటే రంగులు మెరుగుపరిచిన ఎల్‌సీడీయే. ఓఎల్‌ఈడీ పూర్తిగా వేరు, ఒక్కో చుక్కా తనే వెలుగుతుంది, చీకట్లో సినిమా చూడటానికి దానికి సాటి లేదు. అయితే కదలని బొమ్మ గంటల తరబడి ఒకేచోట ఉంటే దాని మచ్చ తెరమీద శాశ్వతంగా ఉండిపోయే ప్రమాదం దీనికి ఉంది. మన తెలుగు వార్తా చానల్ ఒకటి గుర్తు చేసుకోండి: మూలన లోగో, కింద రెండు పట్టీలు, పక్కన ఇంకో పెట్టె, పైన బ్రేకింగ్. ఉదయం నుంచి రాత్రి దాకా అదే నడిచే ఇంటికి ఓఎల్‌ఈడీ వద్దని నా సలహా. చవక టీవీల మీద హెచ్‌డీఆర్ అని రాసి ఉంటే దాన్ని చూసి పైసా ఎక్కువ ఇవ్వకండి, ఆ ముద్రకు తగ్గ వెలుగు వాటి దీపాలకు ఉండదు. 4కె సినిమాలకు నెట్‌ఫ్లిక్స్ అడిగేది పై ప్లాను, 15 ఎంబీపీఎస్ ఇంటర్నెట్. ఆ రెండూ మీకు లేకపోతే దాని గురించి మాట్లాడటం కూడా దండగ.

హెచ్‌డీఎంఐ రంధ్రాలు మూడుండాలి: బాక్సుకు ఒకటి, సౌండ్‌బార్‌కు ఒకటి, ఇంకోటి రేపటి స్టిక్‌కు. మెమరీ రెండు జీబీకి తగ్గితే ఏడాది తిరక్కుండానే నత్తనడక నడుస్తుంది. కొనబోయే బ్రాండుకు మీ ఊళ్లో సర్వీసు ఎలా ఉందో షాపువాడిని కాదు, వీధి చివర టీవీ మెకానిక్‌ను అడగండి. ఏ బోర్డు దొరుకుతుందో, ఏది దొరకదో ఆయనకే తెలుసు.

పాత టీవీ

ఎక్స్ఛేంజి ఇస్తామంటే, ఎక్స్ఛేంజి లేకుండా ధరెంతో ముందు అడిగి, తర్వాతే పాత టీవీ మాటెత్తండి. తేడా ఐదారు వందలే ఉంటే పనిచేసే టీవీని ఇచ్చేయకండి, స్టిక్ తగిలించి పడగ్గదిలోనో, వంటింట్లోనో పెట్టుకుంటే నాలుగేళ్లు వస్తుంది. డబ్బా టీవీని మాత్రం పాత సామాన్ల బండికి వేయొద్దు. దాని గాజులో సీసం ఉంటుంది, బండివాళ్లు రాగి కోసం పగలగొట్టేది చెరువు గట్టునే. తొలినాటి ఎల్‌సీడీ టీవీల వెనక సన్నటి ట్యూబు దీపాల్లో పాదరసం ఉంటుంది. 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ఈ-వేస్ట్ నిబంధనల ప్రకారం వాడేసిన సామాను రీసైక్లింగ్ బాధ్యత తయారీదారులది. కంపెనీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి పికప్ అడగండి. స్మార్ట్ టీవీ ఎవరికి ఇస్తున్నా యాప్‌లన్నిటిలోంచి లాగౌట్ అయి ఫ్యాక్టరీ రీసెట్ చేయండి, లేకపోతే మీ వైఫై పాస్‌వర్డ్, మీ అకౌంట్లు దానితో పాటే వెళ్తాయి. రిమోట్ కూడా ఇచ్చేయండి, అందులో బ్యాటరీలు మాత్రం తీసి.